చేసిపెట్టుట వేఱు, నేర్పుట వేఱు

"మొక్కయి వంగనిది మ్రానయి వంగునా" యను సామెత పిల్లల పెంపకమును గూర్చినది. మంచి యలవాటులు చిన్ననాటనే నేర్పుడని తల్లిదండ్రులకు మన పెద్దలు చేసిన హెచ్చరిక యది. కాని నేడు మన యిండ్లలో ఆ సామెతను పిల్లలకు గాక పెద్దలకే అంటగట్టుచున్నాము. అత్తగారు ఫోను చేతబట్టుకొని తడబడినచో, "ఈ వయస్సున ఆమెకేమి వచ్చును?" అనుచున్నాము. మామగారు బ్యాంకు సందేశమును చదువుటకై కండ్లద్దములు వెదకికొనుచుండగానే, కోడలో మనుమడో వచ్చి ఫోను పుచ్చుకొని, నాలుగు తావుల నొక్కి, పని ముగించి, తిరిగి యిచ్చివేయుచున్నారు. పని జరిగినది; పెద్దవారికి మాత్రము ఏమియు తెలియలేదు. మఱునాడు మఱల అదే తడబాటు, మఱల అదే సాయము. సోదరీమణులారా, ఈ సాయమును గూర్చియే ఈ నెల మీతో కొన్ని మాటలు చెప్పదలచితిమి.

ఇది యెంత విషయమని కొందఱు అనవచ్చును. పూర్వము చదువురాని యిల్లాండ్రు ఉత్తరము వచ్చినప్పుడు తపాలా బంట్రోతుచేతనో పొరుగింటి పిల్లవానిచేతనో చదివించుకొనెడివారు. అందువలన ఇంటి గుట్టు కొంత బయటపడెడిదే గాని, ఇంటిలోని ధనము పోయెడిది కాదు. నేటి ఫోను ఒక్క ఉత్తరము మాత్రమే కాదు. అదియే డబ్బు సంచి, అదియే బ్యాంకు పుస్తకము, అదియే రైలు టిక్కెట్టు, అదియే వైద్యుని చీటి. దానిని తెఱచి ఒకరి చేతికిచ్చుట బీరువా తాళపుచెవి ఇచ్చుటతో సమానము. తాళపుచెవిని కనబడినవారికెల్ల ఇచ్చు ముసలితల్లిని చూచినచో మనము భయపడుదుము. రహస్య సంఖ్యను నలుగురికి జెప్పి ఫోను నందించు తల్లిని చూచి మాత్రము, "పాపము, ఆమెకు తెలియదు" అని ఊరకుందుము.

చోడవరము ప్రాంతమునే తలచుకొందము. పూర్వము విశాఖపట్టణము జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్ 4వ తేదీన అనకాపల్లి జిల్లాలో చేరిన ఊరిది. స్వయంభూ విఘ్నేశ్వరుని ఆలయము, చెఱకు తోటలు, గోవాడలోని సహకార చక్కెర కర్మాగారము, అనకాపల్లి బెల్లపు బజారు, దాపుననే మాడుగుల హల్వా. ఆ ప్రాంతము పేరు చెప్పగనే మనకు స్ఫురించునవి ఇవి. కొడుకులు ఉద్యోగములకై విశాఖపట్టణమునకో హైదరాబాదునకో పోగా, పాత యింట పెద్దవారు మాత్రమే మిగిలిన కుటుంబములు తెలుగుదేశమున అంతటను ఉన్నట్లే అచటి పల్లెలలోను కలవు.

అట్టి యింట నొక తల్లిని ఊహింపుడు. కుమారుడు పండుగకు వచ్చినప్పుడు ఒక ఫోను కొనిపెట్టి పోయినాడు. రాత్రి కాగానే మనుమరాలి ముఖము అందులో కనబడును. ఆ ముఖము చూచుటకు ఏ గుఱుతుపై వ్రేలు మోపవలెనో, ఫోనును ఎంత దూరమున పట్టుకొనవలెనో, ఆమె ఒక్కనాటనే నేర్చినది. ఎవరును ఆమెకు పాఠము చెప్పలేదు, పరీక్ష పెట్టలేదు. ఐనను ఆ ఫోనునకే బ్యాంకు సందేశము వచ్చినప్పుడు, "నాకేటి తెలుస్తాది, నువ్వే సూడమ్మా" అని పొరుగింటి పిల్ల చేతిలో పెట్టును. కోడలు ఇంటనున్న దినములలోనైనచో, "ఇలాగియ్యత్తా, నేను చేసేస్తాను" అని కోడలే పుచ్చుకొనును. ఒకే చేయి, ఒకే ఫోను. ఒక పని రాగా మఱియొక పని రాకపోవుటకు హేతువు వయస్సు కానేరదు. మొదటి పనిని ఆమె తన చేతితో చేసినది. రెండవ పనిని ఆమె చేతినుండి మనము లాగికొన్నాము.

ఈ విషయమున ప్రభుత్వములు ఏమియు చేయలేదనుట న్యాయము కాదు. 2017లో కేంద్ర ప్రభుత్వము ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియానమను పథకమును ప్రారంభించినది. పల్లెలలోని 6 కోట్ల కుటుంబములలో ఇంటికొకరి చొప్పున కంప్యూటరును, ఫోనును, అంతర్జాలమును, డబ్బు చెల్లింపులను 20 గంటల పాఠములతో ఉచితముగా నేర్పుట దాని యుద్దేశము. 2024 మార్చి 31వ తేదీన ఆ పథకము ముగియునాటికి 6 కోట్ల 39 లక్షల మంది శిక్షణ పొందిరి. అంతటి దేశమున అంతమందికి నేర్పుట గొప్ప కార్యమే. కాని దానిలో చేరుటకు వయఃపరిమితి 14 ఏండ్లు మొదలు 60 ఏండ్ల వఱకు. అఱువది దాటినవారికి అందు చోటు లేకపోయెను.

అఱువది యను సంఖ్యను ఒక్కింత గమనింపుడు. మన ఆంధ్రప్రదేశమున వృద్ధాప్యపు పింఛనుకు అర్హత వచ్చు వయస్సు అదియే. 2024 జూలై మొదలు నెలకు రూ. 4000 చొప్పున ఆ పింఛను నిచ్చుచున్నారు. నెల మొదట సచివాలయపు ఉద్యోగి ఇంటికి వచ్చి, యంత్రముపై వ్రేలిముద్ర తీసికొని సొమ్ము చేతికిచ్చును. 2025 జనవరి 30వ తేదీన ప్రారంభమైన "మన మిత్ర" వలన కుల ధ్రువపత్రము మొదలు కరెంటు బిల్లు వఱకు అనేక సేవలు వాట్సాపులోనికే వచ్చినవి. ఈ సౌకర్యములన్నియు ముదిమిలో మిక్కిలి అక్కఱకు వచ్చునవే. పింఛను మొదలగు వయస్సే శిక్షణకు తలుపు మూయు వయస్సగుట విచారకరము కాదా?

ఇంటికొకరికి నేర్పినచో ఆ యొక్కరు మిగిలినవారికి నేర్పుదురని ఆ పథకము వేసినవారు తలచి యుందురు. తలచుటలో తప్పు లేదు. మన యిండ్లలో జరిగినది వేఱు. నేర్చిన ఆ యొక్కరు ఇంటికి గురువు కాలేదు, గుమాస్తా అయిరి. అందఱి పనులు వారే చేసిపెట్టుచున్నారు. ఇంటనున్నంతకాలము బాగుగనే యుండును. వారు కాన్పునకు పుట్టింటికి పోయిననాడు, ఉద్యోగమునకు పొరుగూరు పోయిననాడు, ఇంటిలోని ఫోను మఱల మూగదగును. అప్పుడు పెద్దవారు ఎదురుపడినవారి సాయము కోరుదురు. మోసగాండ్రు కాచుకొనియుండునది ఆ సమయమునకే.

ఆ మోసముల తీరును ఇచ్చట కొంత చెప్పుట అవసరము. 2016లో మన దేశమున యూపీఐ యను చెల్లింపు పద్ధతి వచ్చినది. కూరగాయల బండివద్ద సైతము ఫోనుతో డబ్బు చెల్లించుట అందువలననే సాధ్యమైనది. దానికొక రహస్య సంఖ్య కలదు, పిన్ అందురు. ఆ సంఖ్యను నొక్కవలసినది మన సొమ్ము మన ఖాతానుండి బయటకు పోవునప్పుడును, మన ఖాతాలోని నిలువను చూచుకొనునప్పుడును మాత్రమే. మనకు సొమ్ము వచ్చునప్పుడు పిన్ అక్కఱలేదు. నలుపు తెలుపు గళ్ల క్యూఆర్ కోడును ఫోనుతో చూపవలసిన పనియు లేదు. "మీకు బహుమానము వచ్చినది, పుచ్చుకొనుటకు పిన్ నొక్కుడు" అని ఎవరైన చెప్పినచో, వారు మన సంచి మూతిని మనచేతనే విప్పించుచున్నారని గ్రహింపవలెను. ఈ యొక్క వాక్యము తెలిసిన ముసలమ్మను మోసగించుట కష్టము. ఎన్నిసార్లు పని చేసిపెట్టినను, ఈ వాక్యము ఆమెకు తెలియదు. కూర్చుండి చెప్పిననే తెలియును.

మఱియొకటి కలదు. పోలీసు దుస్తులు ధరించిన యెవడో ఫోనులో కనబడి, "మీ పేరున నేరము నమోదైనది, మిమ్ము డిజిటల్ అరెస్టు చేసితిమి, గది విడిచి కదలవలదు, ఎవరికిని చెప్పవలదు" అని బెదిరించును. చదువుకొన్న పెద్దలు, పదవీ విరమణ చేసినవారు సైతము ఈ వలలో పడి జీవితపు కూడబెట్టు పోగొట్టుకొన్నారు. 2024 అక్టోబరు 27వ తేదీన ప్రధానమంత్రి రేడియో ప్రసంగములో దీనినే ప్రస్తావించి, డిజిటల్ అరెస్టు అనునది మన చట్టములో లేనే లేదని చెప్పిరి. సొమ్ము పోయినట్లు తెలిసిన వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేసి చెప్పినచో, ఆ సొమ్ము దొంగల చేతికి చేరకమునుపే బ్యాంకులలో నిలిపివేయుటకు అవకాశము కలదు. గంటలు గడచినకొలది ఆ యవకాశము తగ్గిపోవును. కాని మోసపోయిన పెద్దలు వెంటనే చెప్పరు. కారణము సిగ్గు. "నీకెందుకమ్మా ఇవన్నియు" అని కసరుకొందురేమో యను భయము. మనము విసుగుతో ఫోను లాగికొన్న ప్రతిసారియు ఆ భయమును పెంచుచున్నాము.

ఇక మ్రాను వంగునా యను ప్రశ్నకు వత్తము. వంగుననుటకు మన తెలుగు గడ్డపైననే సాక్ష్యములు కలవు.

పూర్వపు మెదకు జిల్లాలో, నేటి సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాదు దాపున పస్తాపురమను ఊరు కలదు. అచటి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీవారు, అక్షరము రాని పేద దళిత స్త్రీలకు వీడియో తీయుట నేర్పిరి. కూలికి పోవు స్త్రీలు వారు. చేతబట్టిన కెమేరాలో ఇంగ్లీషు మాటలు. పాఠములోను ఇంగ్లీషు మాటలే. ఆ మాటలకు మాఱుగా వారు తమ బ్రదుకులోని మాటలను పెట్టుకొనిరి. కెమేరాను ఎదుటి మనిషి కంటికి సమానమైన యెత్తున నుంచి తీయుటకు వారు పెట్టిన పేరు "సంఘం షాట్". సంఘములో అందఱును నేలపై సమానముగా కూర్చుందురు గదా! క్రిందనుండి, మీదనుండి తీయువానికి దొరను, పాలేరును తలపించు పేర్లు పెట్టిరి. అటుపిమ్మట ఆ పేర్లను ఎవరును మఱచిపోలేదు. ఆ స్త్రీలు తీసిన చిత్రములు దేశదేశములలో ప్రదర్శితములైనవి. 2008లో అదే జిల్లాలోని మాచునూరులో "సంఘం రేడియో" ప్రారంభమైనది. దానిని నడపినవారును ఆ పల్లె స్త్రీలే. నేర్పువారు తమ మాటలను రుద్దక, నేర్చువారి మాటలకు చోటిచ్చిరి. ఫలమును లోకము చూచినది.

రాజస్థానములోని తిలోనియాలో 1972లో బంకర్ రాయ్ గారు స్థాపించిన బేర్‌ఫుట్ కళాశాలయు ఇట్టిదే. చదువురాని అవ్వలను అచ్చటికి రప్పించి ఆఱు నెలలలో సూర్యదీపములను కూర్చుటయు, బాగుచేయుటయు నేర్పుచు వచ్చిరి. ఆఫ్రికానుండి వచ్చిన అవ్వలకు గురువు భాష తెలియదు, గురువునకు వారి భాష తెలియదు. తీగల రంగులు, చేతి సైగలు, చేసి చూపుట, చేయించుట; ఇవియే అచటి పాఠ్యగ్రంథములు. ఇంటికి మఱలిన పిమ్మట ఆ యవ్వలు తమ పల్లెలలో దీపములు వెలిగించిరి.

కేరళమునందు జరిగినది మఱింత దగ్గఱి యుదాహరణము. తిరువనంతపురము జిల్లాలోని పుల్లంపాఱ పంచాయతీలో ఉపాధి హామీ కూలీలు తమ కూలి జమయైనదో లేదో తెలిసికొనుటకై బ్యాంకునొద్ద పడిగాపులు పడుట చూచి, అచటివారు ఊరందఱికిని ఫోను విద్య నేర్పబూనిరి. 2022లో ఆ పంచాయతీ పని ముగించినది. తరువాత రాష్ట్రమంతట ఇంటింటికి తిరిగి, నేర్వవలసినవారిని లెక్కించి, ఇంచుమించు 21 లక్షల 87 వేల మందికి నేర్పి, 2025 ఆగస్టు 21వ తేదీన కేరళము సంపూర్ణ డిజిటల్ అక్షరాస్యత పొందినదని ప్రకటించిరి. అఱువది దాటినవారిని వారు వదలలేదు. తొంబది యేండ్లు దాటినవారే 15 వేలకు పైగా నేర్చిరి. నూఱేండ్లు నిండిన వృద్ధుడును అందు కలడు. తరగతి గదిలోనికి వారిని రప్పింపలేదు. విద్యార్థులు, స్త్రీల సంఘముల సభ్యురాండ్రు వారి యింటి అరుగు మీదికే పోయిరి.

మన దేశమున పుస్తకము విషయమై ఈ మార్గము క్రొత్తది కాదు. 1935లో పాతూరి నాగభూషణము గారు గుంటూరు జిల్లా కాలువలలో పడవపై గ్రంథములను పల్లెలకు పంపిరి. జనులు గ్రంథాలయమునకు రానిచో గ్రంథాలయమే జనులయొద్దకు పోవలెనని వారి యాశయము. ఫోను విద్యకును అట్టి పడవలు కావలసియున్నవి.

ఆ పడవ నడుపగలవారు ఎవరు? మా యభిప్రాయమున ముందు వరుసలో ఉపాధ్యాయినులు కలరు. ఐతే వారి కష్టమును మనము తెలిసికొనవలెను. 2017 సెప్టెంబరు 5వ తేదీన, నాటి ఉపరాష్ట్రపతి ముప్పవరపు వెంకయ్యనాయుడు గారు "దీక్షా" యను బోధన వేదికను ప్రారంభించిరి. 2019 ఆగస్టులో "నిష్ఠా" యను పథకమున 42 లక్షల మంది ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చుటకు పూనుకొనిరి. మఱుసటి యేడు కోవిడ్ మహమ్మారి రాగా, ఆ శిక్షణయు ఫోనులోనికే మాఱినది. మన రాష్ట్రమున 2022 ఆగస్టు మొదలు ఉపాధ్యాయుల హాజరును ముఖము గుర్తించు యాప్‌తో తీసికొనిరి. ఆ యేటి డిసెంబరులో ఎనిమిదవ తరగతి పిల్లలకును ఉపాధ్యాయులకును కలిపి ఐదు లక్షలకు పైగా టాబులు పంచిరి. సుద్దముక్కతో ఇరువదియైదేండ్లు నల్లబల్లపై ముత్యములవంటి యక్షరములు వ్రాసిన ఉపాధ్యాయినికి ఇవన్నియు అయిదాఱేండ్లలో ఒక్కుమ్మడిగా వచ్చి పడినవి.

ఫోనులోని పాఠమును ముగించి ధ్రువపత్రము పొందుట యొకటి. తరగతిలో నలువది మంది పిల్లల యెదుట యంత్రము మొరాయించినప్పుడు బెదరక నిలుచుట మఱియొకటి. మొదటిది వీడియో చూచినను వచ్చును. రెండవది ప్రక్కన నొకరు కూర్చుండి, ఆమె చేతనే చేయించి, తప్పినప్పుడు నవ్వక మఱల చేయించినగాని రాదు. ఏబదియేండ్ల పంతులమ్మ తన తోటి యువ ఉపాధ్యాయినిని అడుగుటకు సంకోచించును. అడిగినచో ఆ పిల్ల మర్యాదకొలది, "మీకెందుకు మేడమ్, నేను చేసేస్తాను" అనును. ఇంటిలోని అత్తాకోడండ్ర కథయే బడిలోను! కనుక బడులలో శిక్షణ నిచ్చువారు ఒక నియమము పాటింపవలెను: నేర్చునామె యంత్రమును నేర్పునామె ముట్టుకొనగూడదు. నోటితో చెప్పవలెను, వ్రేలితో చూపవలెను, అంతియే. ఇట్లు నేర్చిన ఉపాధ్యాయిని తన వీధికి తానే గురువగును. పాఠమును ముక్కలుగా విఱిచి చెప్పుట, విసుగక తిరిగి చెప్పుట, భయపడిన శిష్యుని లాలించుట ఆమెకు వేఱుగ నేర్పనక్కఱలేదు గదా.

పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుల సాయమును మనము మఱువరాదు. పింఛనుదారులు ఏటేట జీవించియున్నట్లు ఇచ్చు ధ్రువపత్రమును ఫోనులో ముఖము చూపియే ఇచ్చుకొను వీలు 2021 నవంబరు మొదలు కలిగినది. ఒక మాష్టారు తన పత్రము తానే పంపుకొని, మఱి నలుగురికి పంపుకొనుట నేర్పినచో, ఆ నలుగురును బస్సెక్కి ఊరు పోవు బాధ తప్పును. 1973లో ఫ్రాన్సు దేశమున టూలూజు నగరములో వృద్ధుల విశ్వవిద్యాలయ మొకటి వెలసినది. ఆ పద్ధతి 1980 తరువాత ఇంగ్లండునకు పోయినప్పుడు, పెద్దలే పెద్దలకు పాఠములు చెప్పుకొను ఏర్పాటు చేసికొనిరి. తన యీడువారు నేర్పునప్పుడు సిగ్గు తక్కువ, వేగము తక్కువ. తెలివి ఎక్కువగా నాటుకొనును.

ఇక మన యింటి పని. పెద్దల చేతిలో ఫోను ఏల మొరాయించునో మొదట తెలిసికొనవలెను. ఫోను అద్దము మన వ్రేలి యొత్తిడిని గుర్తింపదు; వ్రేలు తాకినప్పుడు అద్దముపైని స్వల్పమైన విద్యుత్తులో కలుగు మార్పును గుర్తించును. వయస్సు మీఱినకొలది చర్మము ఎండిపోవును. పొడి వ్రేలిని అద్దము ఒక్కొక్కప్పుడు గుర్తింపదు. గోరు తగిలిన అసలే గుర్తింపదు. పెద్దవారు తాము తప్పు చేసితిమనుకొని మఱింత గట్టిగా, మఱింత సేపు అదిమి పట్టుదురు. అందువలన వేఱొక పని జరిగిపోవును. వ్రేళ్లను తడిగుడ్డతో తుడుచుకొని తేలికగా తాకి వదలుమని చెప్పినచో సగము బాధ తీఱును. చేతులు వణకువారికై తాకుడు వ్యవధిని పెంచు ఏర్పాటు ఫోనులోనే కలదు. అక్షరములను పెద్దవిగా చేసికొనవచ్చును. వ్రాయలేనివారు తెలుగున మాటలాడినచో ఫోనే వ్రాసికొనును. చెఱకు కొట్టి, అంట్లు తోమి అఱిగిపోయిన వ్రేళ్లముద్రలు యంత్రమునకు అందనప్పుడు, కంటిపాపతోనో ముఖముతోనో గుర్తించు పద్ధతియు కలదని ఆమెకు తెలియజెప్పవలెను. ఆ దోషము ఆమెది కాదు. జీవితమెల్ల పని చేసిన చేతికి అది గుఱుతు.

తరువాత, ఒక్కొక్క వారమునకు ఒక్కటే పని నేర్పుడు. ఆమెకు కావలసిన పనినే ముందుగా నేర్పుడు. మనకు ముఖ్యమని తోచినది కాదు. పింఛను పడినదో లేదో చూచుట ఒకరికి కావలయును. అన్నవరము పోవు రైలు వేళ యొకరికి. హరికథ వినుట యింకొకరికి. ఒక చిన్న పుస్తకములో మెట్టు వెంబడి మెట్టుగా తెలుగున, వీలైనచో ఆమె చేతనే, వ్రాయింపుడు; అక్షరములు రానిచో బొమ్మలు గీయింపుడు. పది రూపాయలు మీ ఫోనునకు పంపించి, మఱల మీరు పంపి, పదిసార్లు సాధన చేయింపుడు. పది రూపాయలతో చేతికి చొరవ వచ్చును, పొరపాటు జరిగినను కొంప మునుగదు. పిన్ సంఖ్యను ఆమెయే యేర్పఱచుకొనవలెను. ఆమె నొక్కునప్పుడు కన్నబిడ్డలైనను ముఖము త్రిప్పుకొనవలెను. అది అనుమానము కాదు; ఆమె సొమ్మునకు మన మిచ్చు గౌరవము.

ఇంత చెప్పుచుండగా, "వంట, పిల్లలు, పొలము, ఉద్యోగము చాలక ఇదియు మా నెత్తిననేనా?" అని మీలో కొందఱడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనది. ఈ భారము కోడండ్రదే కాదు. కొడుకులును, మనుమలును పంచుకొనవలెను. పైగా స్త్రీలలోనే నేర్వవలసినవారు ఇంకను ఎందఱో కలరు. 2019 మొదలు 2021 వఱకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల లోపు వయస్సు గలవారిలో, ఒకప్పుడైనను అంతర్జాలమును వాడిన స్త్రీలు మన రాష్ట్రమున నూటికి 21 మంది మాత్రమే. పురుషులు ఇంచుమించు 49 మంది. నాటికిని నేటికిని పరిస్థితి కొంత మాఱియుండవచ్చును గాని, ఇంటి ఫోను మగవారి జేబులోననే యుండు కాపురములు నేటికిని కలవు. అట్టి యింట కోడలు నేర్చిననే అత్తకు నేర్పగలదు. ఇరువురును ఒకేసారి ప్రక్కప్రక్కన కూర్చుండి నేర్చుకొనుటలోను తప్పు లేదు.

ఇందునకు మన చేతిలోనే యొక సాధనము కలదు: పొదుపు సంఘము. వారమునకో నెలకో పదిమంది స్త్రీలు కూర్చుండు చోటు మన ప్రతి పల్లెలోను కలదు. 2011లో ఏర్పడిన "స్త్రీ నిధి" వలన సంఘపు స్త్రీలు ఫోను ద్వారా అప్పు కోరి, 48 గంటలలో పొందు పద్ధతి వచ్చినప్పుడు, చదువు అంతగా రాని స్త్రీలును దానిని అలవఱచుకొనిరి. నెల్లూరు జిల్లాలో రాత్రిబడిలో అక్షరములు నేర్చిన దూబగుంట స్త్రీలు 1992లో సారా దుకాణమును మూయించిరి. వారితో మొదలైన ఉద్యమము రాష్ట్రమంతట ప్రాకి, 1993 అక్టోబరులో సారా నిషేధమునకు దారితీసినది. పదిమంది స్త్రీలు కలిసి ఒక విద్య నేర్చినచో అది యెంత దూరము పోవునో చెప్పుటకు అంతకన్న నిదర్శనమేల? చోడవరము వంటి ఊళ్లలో సంఘపు సమావేశము ముగిసిన పిమ్మట ఒక్క అఱగంట ఈ విద్యకు కేటాయింపుడు. అఱువది దాటిన తల్లులను వెంటబెట్టుకొని రండు. గ్రామ సచివాలయపు ఉద్యోగిని నెలకొకసారి పిలువుడు. బడి పంతులమ్మను సాయమడుగుడు.

నేర్వనొల్లని పెద్దలు కొందఱు ఉందురు. వారిని బలవంతపెట్టరాదు, బ్యాంకు కిటికీయొద్దనో సచివాలయమునందో వారి పని మర్యాదగా జరుగు త్రోవ తెఱచియుంచవలసినదే. కాని నేర్వనొల్లనివారు వేఱు, మనము నేర్పక విడిచినవారు వేఱు. మన యింటనున్నది ఎవరో ఒకసారి అడిగి తెలిసికొందము. రేపు అత్తగారు "నువ్వే సూడమ్మా" అని ఫోను చాచినప్పుడు, చేయి చాపక ఆమె ప్రక్కన కూర్చుండుడు. "నీ చేతిలోనే ఉంచు అత్తా, చెప్తాను" అనుడు. ఆ దినము ఆ పనికి పది నిమిషములు పట్టును. రెండవ వారమున ఐదు నిమిషములు పట్టును. ఆ పిమ్మట మిమ్ములను పిలువవలసిన యక్కఱయే ఆమెకు ఉండకపోవచ్చును.